బామ్మర్ది యంత్రం, మా ఇంటి కరెంటు

మీటరు రీడింగు తీసే అతను ఏళ్ల తరబడి మా ఇంటికొస్తున్నాడు. ఏనాడూ మా మీటరు ముందు తుమ్మినంత సేపైనా నిలబడి ఎరగడు. అలాంటివాడు ఆ ఆషాఢంలో ఓ మధ్యాహ్నం చేతిలోని మిషనును ఒకసారి తట్టి, మళ్లీ తట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, చివరికి మెట్ల మీద చతికిలబడిపోయాడు. మా ఆవిడ పరుగున మంచినీళ్లు తెచ్చింది.

"అమ్మా, ఇంట్ల ఏమన్న కార్ఖానా షురూ చేసిండ్రా?" అన్నాడు నీళ్లు తాగి.

మిషనులోంచి బిల్లు కాగితం వస్తూనే ఉంది. రాంగోపాల్‌పేట్‌లోని మా గుమ్మం నుంచి పరిస్తే మోండా మార్కెట్ టమాటాల దాకా వచ్చేటంత పొడుగు. జానెడే అంటుంది మా ఆవిడ. మీరు నన్నే నమ్మండి.

కార్ఖానా అన్న మాట అబద్ధమేమీ కాదు. మా వెనకగదిలో మా బామ్మర్ది ఒక ఇనప చట్రం పెట్టాడు. దానికి వరసగా గ్రాఫిక్స్ కార్డులు, వాటి నిండా ఫ్యాన్లు. అవి రాత్రింబవళ్లు లెక్కలు చేస్తుంటే ఎక్కడో ఏదో క్రిప్టో నాణెం పుడుతుందట. దీన్ని మైనింగ్ అంటారు. నేరేడ్‌మెట్‌లో వాడి ఇంటి ఓనరు ఆ చప్పుడుకు రెండు చేతులూ జోడించి సాగనంపితే, యంత్రాన్ని చంకనేసుకుని అక్క ఇంటికొచ్చాడు. బేగంపేట మీదుగా పోయే విమానాలు ఆ హోరు విని మా డాబా మీద దిగుదామా అని ఆలోచించేవి. గదిలో వేడికి గోడ మీది బల్లి కూడా సామాను సర్దుకుని వెళ్లిపోయింది. నేనైతే ఈ బిల్లు వచ్చేదాకా ఆ గడప తొక్కనే లేదు.

మా ఆవిడ బిల్లును ఈ కొస నుంచి ఆ కొస దాకా చదివింది. తర్వాత తమ్ముణ్ని పిలిచింది.

"తమ్మీ, వచ్చే నెల బిల్లు సగానికి రావాలె. రాకుంటే నీ డబ్బాను పాత ఇన్ప సామానోనికి ఏస్తా. నువ్వు ఆడ్నే కూసోని ఏడ్సినా సరే."

వాడి మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. పాపం, వాడి బైకు, పెళ్లికని దాచుకున్నది, మొత్తం కలిసి ఆ చట్రంగా మారాయి. నా చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, తగ్గియ్యొచ్చు. గ్యాసు పొయ్యి అనుకో. సిమ్ముల పెట్టినా చాయ్ కాగుతది గదా? కార్డుకు కరెంటు జెర తగ్గిచ్చినా లెక్కలు ఇంచుమించు గన్నే చేస్తది."

"మరి ఇన్నాళ్లు ఫుల్లు మంట మీద ఎందుకు పెట్టినవ్‌రా?"

"ఎవడడిగిండు బావా?"



ముందు విండోస్‌లోనే ప్రయత్నించాడు. తెర మీద ఒక గీత, దాని మీద ఒక బొత్తం. ఎడమకు జరిపాడు. హోరు కాస్తా గురకయింది. ఇద్దరం సంతోషించేలోపు వాన, వానతోపాటు కరెంటు కోత. కరెంటు తిరిగి రాగానే యంత్రం జరిగిందంతా మరిచిపోయి మళ్లీ ఫుల్లు మంట మీద లేచింది. వాడు బొత్తం జరపడం, ఆకాశం ఉరమడం, యంత్రం గర్జించడం. వారమంతా వరుణదేవుడికీ మా బామ్మర్దికీ ఇదే కుస్తీ.

ఇక లాభం లేదని వేరే డిస్కు తెచ్చి, విండోస్‌కు బదులు వాడే లినక్స్ అనేదాన్ని ఎక్కించాడు. నల్లని తెర మీద తెల్లని అక్షరాలు టకటకా కొడుతుంటే కలెక్టరుకు అర్జీ పెడుతున్నాడేమో అనుకున్నాను. ఒక్కో కార్డు ఇంతకు మించి తినకూడదని హద్దు రాశాడు. యంత్రం లేచినప్పుడల్లా ముందు ఆ హద్దే చదువుకునేలా కట్టడి చేశాడు. ఈసారి కరెంటు పోయి వచ్చినా అది నోరెత్తలేదు. ప్లగ్గుకు తగిలించిన చిన్న మీటరులో వాడకం సగానికి కాస్త ఎగువన నిలబడింది. నాణేల లెక్కలో పెద్ద తేడా లేదు.

ఆ తర్వాత తెలిసింది. విండోస్‌లోనూ, ఆన్ కాగానే ఈ సెట్టింగే పెట్టు అని ఒక టిక్కు కొట్టాలట. మావాడు కొట్టలేదు.

"అక్కకు చెప్పకు బావా" అన్నాడు. విండోస్‌ను పాత డిస్కులో, పాత ఫుల్లు మంట మీదే అలాగే వదిలేశాడు. ఆన్ చేస్తే తెర మీద రెండు పేర్లొస్తాయి, ఏది కావాలంటే అది నొక్కడమే.

సమోసాలు తెప్పించుకుని విజయోత్సవం జరుపుకుంటుండగా మా ఆవిడ గుమ్మంలో నిలబడింది. చేతుల్లో తడి దుప్పటి. మెచ్చుకుంటుందని ఇద్దరం నిటారుగా కూర్చున్నాం.

"ఏం చేసిండ్రు? గదేంది గిట్ల సల్లబడ్డది?"

ఇన్నాళ్లూ తెరకే కళ్లప్పగించిన మేం అప్పుడు తల తిప్పి చూశాం. యంత్రం వేడిగాలి తగిలే వైపు, ఈ గోడ నుంచి ఆ గోడకు నైలాను తాళ్లు. తాళ్ల నిండా వానకు బయట ఆరని బట్టలు. సగం సికింద్రాబాదు బట్టలు మా వెనకగదిలోనే వేలాడుతున్నాయి. నా బనీన్లు పక్కింటివాళ్ల లుంగీలతో భుజాలు రాసుకుంటున్నాయి.

ఇంతలో కింది వాటా టీచరమ్మ మెట్లెక్కి వచ్చింది. రిటైరైనా గొంతు రిటైరవలేదు.

"ఏమ్మా, చీరలు ఆరాయా? ఆదివారం చర్చిలో మా పాటల బృందమంతా తడిబట్టలతో నిలబడాలా ఏంటి?"

మా బామ్మర్ది లేచాడు. "అక్కా, కరెంటు తక్కువ తింటే వేడి తక్కువనే వస్తది. రెండూ కావాలంటే ఎట్లనే?"

"బట్టలు ఆరపెట్టనప్పుడు గీ డబ్బా నాకెందుకురా? రేపు పొద్దున్నే పాత ఇన్ప సామానోణ్ని పిలుస్తా."

తింటే పారేస్తానంది, తినడం మానితే పారేస్తానంటోంది! వాడు యంత్రాన్ని ఆపి, ఆన్ చేసి, విండోస్ నొక్కాడు. అంతే, ఫ్యాన్లన్నీ ఒక్కసారి గర్జించాయి. తెల్లచీరలు గాలిపటాల్లా లేచాయి.

"స్తోత్రం!" అంది టీచరమ్మ.

మా ఆవిడ మాత్రం చీరల వంక చూడలేదు. తమ్ముడి వేలు తెర మీద ఎక్కడ పడిందో చూసింది. "మళ్లొకసారి చెయ్" అంది.

మర్నాటి నుంచి చట్టం అమల్లోకొచ్చింది. దుప్పట్లకు, పట్టుచీరలకు విండోస్. రుమాళ్లకు, బనీన్లకు లినక్స్. కంప్యూటరు తాకితే పాపమనుకునే మనిషి, కొంగు బొడ్లో దోపి, "తమ్మీ, జరుగు, ఇయాళ జీన్సు ప్యాంట్లున్నయి" అంటూ తానే నొక్కసాగింది. నెల తిరిగాక బిల్లు తగ్గింది గానీ సగం కాలేదు. ఆమె దాన్ని మడిచి ఉప్పు డబ్బా కింద పెట్టింది.

వానలు వెనకబట్టాక బామ్మర్దికి వేరే గది దొరికింది. ఆటో మాట్లాడుకుని ఉత్సాహంగా వచ్చాడు.

"అక్కా, యంత్రం తీస్కపోతున్న. నీకిగ తక్లీఫ్ లేదు."

మా ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "సలికాలం బట్టలు జల్ది ఆరతయారా? ఉగాది దాటనీ, చూద్దాం."

వాడు నోరెళ్లబెట్టి నా వైపు తిరిగాడు. "బావా, గది నా యంత్రమే గదా?"

"ఈ ఇల్లు నాదని నేను సుత అనుకుంటుంటిరా" అన్నాను.