ఓనరక్క మీటర్

భూపాలపల్లిలో మేం అద్దెకున్న ఇంటి ఓనరక్క కన్నెప్పుడూ కరెంటు మీటర్‌లో తిరిగే చక్రం మీదే. అది జోరందుకుంటే చాలు, "ఎవలో ఫ్యాన్ బంద్ చెయ్యలే" అంటూ గదులన్నీ వెతికేది. భర్త ఆక్సిజన్ మిషన్ జోలికి మాత్రం పోయేది కాదు. గనిలో బొగ్గు దుమ్ము మింగిన ఆయనకు అదే ఊపిరి.

తెలంగాణ కోసం గనులు బందైన రోజుల్లో బొగ్గు లేక కరెంటు గంటలకొద్దీ పోయేది. సమ్మెలో కూర్చున్నవాళ్లకు రోజూ అన్నం వండి పంపింది కూడా ఆమే.

ఒక మధ్యాహ్నం లోపల ఆయన ఎగశ్వాస వినిపిస్తుంటే, ఆమె మీటర్ ముందు నిలబడి ఉంది. చక్రం కదలడం లేదు. దాని అద్దం మీద అరచేయి పెట్టి, మెల్లగా అంటోంది.

"జర తిరుగు తల్లీ. బిల్లు ఎంతొచ్చినా కడ్త."