మూడో దెబ్బ తర్వాత నలభై సెకన్లు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం కాదు నేను. మా అమ్మ రైల్వే గేటు దగ్గర కనిపించిన తెల్లచీర కథ మొదలుపెడితే, ఎన్ని గంటలకు కనిపించింది, చూసినవాళ్ళెవరు, వాళ్ళ ఫోన్ నెంబరు ఉందా అని అడిగి కథంతా పాడుచేసేదాన్ని. కాబట్టి ఇక్కడ నేను చూసింది, విన్నది, కొలిచింది మాత్రమే రాస్తున్నాను.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక సొంతంగా నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకోండి. రోజూ బస్సెక్కి విరుదునగర్ వెళ్ళి, ఫ్యాక్టరీలకు కంట్రోల్ బోర్డులు చేసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను.

బోర్డులో బూట్‌లోడర్ రాయడం నా పని. కరెంటు రాగానే చిప్‌లో అన్నిటికంటే ముందు నిద్రలేచే చిన్న ప్రోగ్రాము అది. అసలు ప్రోగ్రాము ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. అది సరిగ్గా ఉందో లేదో చూసి, ఉంటే పెత్తనం దానికి అప్పగించి బూట్‌లోడర్ పక్కకు తప్పుకుంటుంది. కొత్త ప్రోగ్రాము ఎక్కించేదీ అదే. ఫ్లాష్‌లో ముందు పాతది చెరిపి, ఆ తర్వాత కొత్తది రాయాలి. ఒక్కోసారి, ముఖ్యంగా పాతబడిన చిప్‌లో, చెరపడమో రాయడమో కుదరదు. అందుకే రాసింది మళ్ళీ చదివి చూసుకోవాలి, తేడా వస్తే మళ్ళీ ప్రయత్నించాలి.

నేను మూడుసార్లు ప్రయత్నించమని రాశాను. ఆ మూడు ఏ పుస్తకంలోంచీ తీసుకున్నది కాదు, మా పెద్దనాయన దగ్గర నేర్చుకున్నది.

పెద్దనాయన ఊరి బయట ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మేస్త్రీ. మందులో ముంచిన అగ్గిపుల్లలు బిగించిన చెక్క చట్టాలు ఆరబెట్టే గది ఆయన చేతికింద ఉండేది. ఆ గదిలోకి వేడిగాలి వదిలే ముందు, తలుపు పక్కన వేలాడే రైలు పట్టా ముక్కని ఇనుప కడ్డీతో కొట్టేవాడు. ఒక దెబ్బ, కాసేపు ఆగడం, ఇంకో దెబ్బ, ఆగడం, మూడోది. లోపల ఎవరైనా ఉంటే పలకాలి, బయటికి రావాలి. అన్నం తినేటప్పుడు ఎన్నోసార్లు చెప్పేవాడు: "కొట్టేదానికి చేతులుంటే సాలు పాపా. చెవి ఒగ్గి నిలబడేదే పని."

ఇంకో మాట కూడా గొప్పగా చెప్పుకునేవాడు. ఆయన సర్వీసంతటిలో మూడో దెబ్బకు పలకని మనిషే లేడట.

నేను తప్పు చేసింది అక్కడే. మూడోసారి కూడా ఫ్లాష్ పలక్కపోతే ఏం చేయాలో రాయలేదు. మూడోసారికి పలుకుతుందిలే అనుకున్నాను. మా టేబుల్ మీద ప్రతి బోర్డూ పలికింది కూడా. పలక్కపోతే నా బూట్‌లోడర్ ఏమీ జరగనట్టు పెత్తనం సగం రాసిన ప్రోగ్రాముకే అప్పగిస్తుంది. ఆ పైన గుడ్డెద్దు చేలో పడ్డట్టే. తర్వాత చూద్దామని కోడ్ పక్కన ఒక ముక్క రాసి వదిలేశాను.

పెద్దనాయన గుండెనొప్పితో పోయాక, ఆ గదికి మా కంపెనీ బోర్డే పెట్టారు. వేడిగాలి, తలుపు, ప్రమాదం వస్తే కూసే సైరను, అన్నీ అదే చూసుకుంటుంది. పట్టా ముక్కని ముతలాళి, అంటే ఫ్యాక్టరీ ఓనరు, జ్ఞాపకంగా ఉంచుకోమని మా ఇంటికి పంపాడు. అమ్మ దాన్ని పెరటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టింది.

ఒకరోజు ఆ బోర్డులో కొత్త ప్రోగ్రాము ఎక్కించడానికి వెళ్ళాను. మధ్యాహ్నం అన్నాల వేళ. ఆడవాళ్ళందరూ వేపచెట్టు కింద టిఫిన్ డబ్బాలు విప్పారు. తలుపు మూసి ఉంటేనే ప్రోగ్రాము ఎక్కుతుంది. నేను గదిలోకి తొంగిచూసి, ఎవరైనా ఉన్నారా అని ఒక్క కేక వేసి, జవాబు కోసం ఆగకుండా తలుపేసి గడియ పెట్టాను. నాకు ఆకలిగా ఉంది, రెండు గంటల బస్సు అందుకోవాలి. అంతకంటే పెద్ద కారణం లేదు.

లోపల రాజమ్మత్త ఉంది. మాకు చుట్టమేమీ కాదు, చిన్నప్పటినుంచీ అత్త అని పిలవడం అలవాటు. మోకాలి నొప్పి వల్ల అందరితోపాటు లేచి వెళ్ళలేక, చివరి వరసలో చట్టాలు సర్దుతోంది.

నేను పక్కగదిలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ప్రోగ్రాము సగం ఎక్కాక కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. బోర్డు మళ్ళీ మొదలైంది. రాయడం కుదరలేదని తెరమీద ఒక వరస వచ్చింది. రెండోది. మూడోది. తర్వాత తెర కదలకుండా ఉండిపోయింది.

అప్పుడు పట్టా ముక్క మోగింది.

ఆ చప్పుడు నాకు కొత్త కాదు. బడి లేనిరోజు పెద్దనాయన వెంట వెళ్ళి వింటూ పెరిగాను. ఒక దెబ్బ. ఆగింది. ఇంకో దెబ్బ. ఆగింది. మూడోది. నాకు భయం వేయలేదు, అదేమిటో ఆలోచన కూడా రాలేదు. చిన్నప్పుడు నేర్చిన అలవాటు కొద్దీ లేచి వెళ్ళి, తలుపు దగ్గర చెవి పెట్టి నిలబడ్డాను.

లోపల చెప్పుల చప్పుడు. గడియ తీశాను. రాజమ్మత్త ద్వారబంధం పట్టుకుని బయటికి వచ్చింది.

"వస్తాండాను అంటిని గదా, అంతలో ఎన్ని తూర్లు కొట్టేది?" అంది చిరాగ్గా.

ఆమె రెండడుగులు వేసిందో లేదో, వెనకాల వేడిగాలి ఫ్యాను రొద చేస్తూ తిరగడం మొదలైంది. వేడి చూపే గేజి ముల్లు ఎర్రగీత వైపు వెళుతోంది. పరుగెత్తి మెయిన్ స్విచ్ ఆపేశాను. అప్పటికే చివరి వరసలో ఒక చట్టం భగ్గుమంది. ఆడవాళ్ళు ఇసుక బకెట్లతో వచ్చి ఆర్పేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ చట్టం రాజమ్మత్త సర్దుతూ వదిలివచ్చినది. అది చూశాక మెట్టుమీద కూర్చుని ఏడ్చేశాను.

చెట్టు కింద ఉన్నవాళ్ళలో నలుగురు ఆ దెబ్బలు విన్నారు. పట్టా ముక్క మళ్ళీ ఎప్పుడు తగిలించారని అడిగారు. అది ఉండే చోట ఖాళీ కొక్కెం మాత్రమే ఉంది. బోర్డు సైరను మోగిందేమో అనుకోవడానికి లేదు. అది ఆపేదాకా ఒకటే కూత కూస్తుంది, ఇనుము మీద దెబ్బలా వినిపించదు. రోడ్డు మీద పాత ఇనుము బండి ఏదైనా వెళ్ళిందా అని వాచ్‌మన్‌ని అడిగాను. లేదన్నాడు.

రాజమ్మత్త చర్చికి వెళ్ళే మనిషి, దెయ్యాల మాట ఎత్తనివ్వదు. "మేస్త్రీ కొట్టినారు, నేను వచ్చినాను. ఇందులో ఏముండాది?" అని ఊరుకుంది.

బోర్డు విప్పి విరుదునగర్ తీసుకెళ్ళాను. ఫ్లాష్‌లో వేరే మూలన, ఎప్పుడు ఏం జరిగిందో బూట్‌లోడర్ టైముతో సహా రాసుకుంటుంది. అది చదివాను. మూడు తప్పులూ వరసగా ఉన్నాయి. నాలుగో వరస, పెత్తనం అప్పగించాను అని. మూడో తప్పుకీ దానికీ మధ్య నలభై సెకన్లు.

నా కోడ్‌లో అక్కడ ఆగమనే మాటే లేదు. మూడోసారి తప్పగానే తర్వాతి వరసకు దూకాలి. అదే బోర్డు, అదే చెడిపోయిన ఫ్లాష్, కరెంటు అలాగే తీసి పెట్టి వారం రోజులు మళ్ళీ మళ్ళీ చేసి చూశాను. ఒక్కసారి కూడా ఒక సెకను ఆగలేదు. గడియారం చిప్ మార్చి చూశాను, దానిలో తేడా లేదు. మా సార్ చూసి, కరెంటు తగ్గినప్పుడు చిప్‌లు ఏవేవో చేస్తాయి, వదిలెయ్యమన్నాడు. కావచ్చు. చేసి చూపించమంటే మాత్రం ఆయనా చూపించలేకపోయాడు.

తప్పు నాదని సార్‌కీ ముతలాళికీ చెప్పాను. కోడ్ మార్చాను. ఇప్పుడు మూడోసారి కూడా కుదరకపోతే బూట్‌లోడర్ ఎవరికీ పెత్తనం ఇవ్వదు. వేడిగాలి మూసేసి, సైరనుని మూడుసార్లు ఆగి ఆగి మోగించి, మనిషి వచ్చి మీట నొక్కేదాకా అలాగే ఉంటుంది. ఎంతసేపు అని సార్ అడిగాడు. ఎంతసేపైనా అన్నాను. బయట ఉన్న పాత బోర్డులన్నిటికీ నేనే తిరిగి మార్చి వచ్చాను. ప్రతిచోటా తలుపు మూసే ముందు మూడుసార్లు పిలిచి, చెవి పెట్టి నిలబడ్డాను.

చివరి బోర్డు ఆ ఫ్యాక్టరీదే. పని అయ్యాక రాజమ్మత్తని బతిమాలి, చివరి వరస నుంచి తలుపు దాకా తన నడకలో తనని రమ్మన్నాను. నీకేం పిచ్చి పాపా అని తిడుతూనే, మోకాలు పట్టుకుంటూ వచ్చింది. ఫోన్‌లో టైము చూశాను.

నలభై సెకన్లు. ఆ తర్వాత నేను ఇంకేదీ కొలవలేదు.