తడి ఆరని గులాబీ

ఇవాళ ఢిల్లీ మయూర్ విహార్‌లో ఒక షాపులో వాటర్‌కలర్ పెన్సిళ్ల డబ్బా తెరవగానే, ఆ చెక్క వాసనకు చిన్నతనం గుర్తొచ్చింది. మీకూ గుర్తుందా, గీసిన రంగు మీద తడి కుంచె తగలగానే ఎలా పరుచుకునేదో?

నా చిన్నప్పుడు, మేం ఇదే ఊళ్లో ఆర్.కె. పురం క్వార్టర్లలో ఉన్నప్పుడు, నాన్న ఐసీయూలో చేరారు.

"బచ్చే అందర్ నహీ జాయేంగే," పిల్లలు లోపలికి వెళ్లకూడదంటూ గార్డు నన్ను ఆపేశాడు.

నేను వెళ్లలేకపోతే నాన్న కోసం నేను చేసే గ్రీటింగ్ కార్డయినా వెళ్లాలి. వరండా బెంచీ మీద కూర్చుని, గులాబీ రబ్బరు స్టాంపు గట్టిగా అద్ది, ఏడుస్తూనే వాటర్‌కలర్ పెన్సిల్‌తో ఎర్రరంగు నింపి, మీద తడి కుంచె రాశాను.

"తొందరగా ఇవ్వు తల్లీ, మళ్లీ లోపలికి పంపరు," అంది అమ్మ.

తడి ఆరకముందే ఇచ్చేశాను.

ఆ సాయంత్రమే నాన్న పోయారు.

"నాన్న చూశారమ్మా, గట్టిగా పట్టుకున్నారు," అంటూ అమ్మ కార్డు నా చేతిలో పెట్టింది. గులాబీ మీద నాన్న బొటనవేలి ముద్ర ఉంది.