ఫుట్‌బాల్ పెద్దనాయిన

కల్హేర్‌లో నేను వ్యాయామం నేర్పే బడిలో పిల్లలు ప్రార్థనకు నిలబడ్డారు. అప్పుడే నారాయణఖేడ్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పెద్దనాయిన పోయిండు" అన్నాడు. తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయాడట.

మా ఊరు వచ్చినవాళ్లు ఆయనను చూసే ఉంటారు. సైకిల్ హ్యాండిల్‌కు బంతుల సంచి తగిలించుకుని, కొద్దిగా కుంటుతూ మైదానానికి నడిపించుకుపోయే మనిషి. మిషన్ బడి పిల్లాడిగా ఆట నేర్చి, ఆ ఆటతోనే ఫౌజులో చేరాడు. పటాలం జట్టులో గోల్స్ కొట్టేది ఆయనే. సరిహద్దు కొండల్లో మంచు ఆయన కుడికాలి వేళ్లు రెండు తినేసింది. ఇంటికొచ్చాక నాతోపాటు ఊళ్లోని ఆడపిల్లలను పోగేసి ఆట నేర్పాడు. మొదట్లో ఊళ్లోవాళ్లు నవ్వారు. ఆయన రోజూ మైదానానికి వచ్చేవాడు, అంతే.

ఒకసారి సంగారెడ్డిలో మ్యాచ్. జిల్లా జట్టుకు ఎంపిక చేసేవాళ్లు చూస్తున్నారు. గోల్స్ కొడితే నాకు చోటు ఖాయమని అందరూ అన్నారు. ఆట మొదలైన కాసేపటికే మా గోల్‌కీపర్ మణికట్టు విరిగింది. ఆమె స్థానంలోకి వెళ్లడానికి ఎవరూ ముందుకు రాలేదు. పెద్దనాయిన వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మా పటాలంల గోల్ కాసెటోడు సరిహద్దుల పానం ఇడిసిండు బిడ్డా. తర్వాత మ్యాచుల ఆని జాగల నిలవడనీకి ఎవ్వరికీ మనసొప్పలె. నేను నిలవడ్డ. మస్తు గోల్స్ పడ్డయి. గని జాగ ఖాళీగ లేకుండె."

అంతకుముందు ఆయన ఫౌజు సంగతి ఎన్నడూ ఎత్తలేదు. మరి నా సెలక్షనో అని అడిగాను.

"పోతదేమో. నీకు అబద్ధం చెప్ప."

వెళ్లి నిలబడ్డాను. ఓడిపోయాం. నన్ను ఎంపిక చేయలేదు. బంతులు ఆపి ఆపి వేళ్లు వాచి, బూట్ల లేసులు కూడా విప్పుకోలేకపోయాను. బస్టాండులో, జనం మధ్యలో, పెద్దనాయిన మోకాళ్ల మీద కూర్చుని నా లేసులు విప్పాడు. శభాష్ అనలేదు. చాయ్ తాగుతావా అని మాత్రం అడిగాడు. మరుసటేడు మళ్లీ తీసుకుపోయాడు. ఈసారి ఎంపికయ్యాను. ఈ కొలువు, ఈ పిల్లలు, అన్నీ ఆ దారిలో వచ్చినవే. కానీ ఆయన నాకిచ్చింది ఏమిటని ఎవరైనా అడిగితే, ఓడిన రోజే ముందు గుర్తొస్తుంది.

అంత్యక్రియలకు మనూరు నుంచి, నాగల్‌గిద్ద నుంచి మా పాత జట్టు వచ్చింది. కొందరి చంకల్లో పిల్లలున్నారు. శవపేటిక ఎత్తడానికి మగవాళ్లు ముందుకొస్తే, మేము మోస్తామన్నాం. ఎవరో గొణిగారు. మా నాయిన తన అన్న తలవైపు నుంచి పక్కకు జరిగి, "మొయ్యనియ్యుండ్రి, ఆయన బిడ్డలే" అన్నాడు.

సమాధుల తోటకు పోయే దారికి రెండు పక్కలా కంది పసుపుపచ్చగా పూసి ఉంది. మాలో అందరికంటే పొడుగైన పిల్ల, పేటిక ఒక పక్కకు ఒరగకుండా, దారి పొడుగునా మోకాళ్లు వంచి నడిచింది.