ఇంటికో కఫీల్

అరబ్బుల దేశంలో, మిష్రిఫ్ అనే పేటలో ఒక విల్లాకు డ్రైవరుగా ఉన్న అజ్మతుల్లా ఈ లోకంలో నమ్మేది బ్రేకును మాత్రమే. దాన్ని కూడా బండి తీసేముందు రెండుసార్లు తొక్కి చూస్తాడు. ఇంతటి జాగ్రత్తపరుడి ముందుకు ఒక శుక్రవారం గంభీరమైన రాజ్యాంగ సమస్య వచ్చి కూర్చుంది: రాయచోటిలో బాడుగకిచ్చిన ఇంటిని సొంతంగా ఒక కంపెనీ పెట్టి దాని పేరున రాయడమా, మానడమా?

సమస్యను మిఠాయి పెట్టెతో సహా మోసుకొచ్చినవాడు మేనల్లుడు అసిఫ్. అక్కడే రిగ్గైలో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాడు.

"రేపు బాడుగోళ్లు కోర్టుకెక్కితే కంపెనీ మీదికి పోతారు మామూ. నీ జోలికి రారు."

"అప్పుడు ఇల్లెవురిది?"

"కంపెనీది."

"మరి నేను?"

"వాటాదారువి."

అజ్మతుల్లా టీ గ్లాసు కింద పెట్టాడు. వీసా ఇచ్చి పనికి పిలిపించుకున్న యజమాని, అంటే కఫీల్, సంతకం లేనిదే సొంతూరికి కూడా పోలేని బతుకు ఆయనది.

"అంటే నా ఇంటికి కంపెనీ కఫీల్. నా ఇంట్లో నేనే ఇఖామా పర్మిట్ మీద ఉండాల. సెలవు ఎవుర్నడగాల్రా?"

"అట్ల కాదు మామూ! ఊర్లో ఉండే డైరెక్టరు ఒకరుంటే చాలు. కావాలంటే మా నాయన..."

ఆ "కావాలంటే"తో విచారణ ముగిసింది. మిఠాయి పెట్టె అప్పటికప్పుడు సాక్ష్యాధారంగా మారింది. బావ కుదరడు, మిగిలింది ఊర్లో ఉన్న భార్య. ఆసియా బీకి ఫోన్ చేసి, డైరెక్టరుగా ఉంటావా అని అడిగాడు.

"సరే," అందామె.

పెళ్లయిననాటి నుంచి ఆమె ఏ మాటకూ మొదటిసారే సరే అన్నది లేదు. అజ్మతుల్లా మిఠాయి పెట్టె వైపు మళ్లీ చూశాడు.

"ఇంత సులువుగా ఒప్పుకున్నావేందే? అసిఫ్ ముందే మాట్లాడినాడా నీతో?"

"వాడెందుకు మాట్లాడతాడు! కంపెనీకి రాసియ్యాలన్నా సంతకం నాదే కదా."

"నీదెందుకు?"

"రిజిస్ట్రీ నాడు నీ కఫీల్ సెలవియ్యలే. 'నీ పేరున చేయించుకో' అని ఫోన్లో నువ్వే గోల చేస్తివి. మర్చిపోతివా?"

మర్చిపోయాడు. సిమెంటూ ఇనుమూ తన జీతంతో కొన్నాడు గనక ఇల్లు తనదేనని ఏకగ్రీవంగా తీర్మానించుకున్నాడు. లోకాన్నంతా శంకించిన మనిషి ఆ ఒక్క తీర్మానాన్ని మాత్రం తనిఖీ చేయలేదు.

"వద్దులే కంపెనీ. ఖలాస్," అన్నాడు.

"వద్దనేదానికి నువ్వెవరు? నేను ఆలోచించుకుంటా." ఆసియా బీ గొంతు తగ్గించి అడిగింది: "అయినా ఇన్నేళ్లు లేనిది, ఇంటి మీద నా పేరు తీసెయ్యాలని ఇప్పుడెందుకు పుట్టింది నీకు?"