కేజీ మూడొందలు

2003 నవంబరు. ఉత్తర సిక్కింలో పదహారు వేల అడుగుల ఎత్తున ఉన్న సైనిక పోస్టుకి ఉదయం పదకొండు గంటలకు చేరాం. మొత్తం పది మందిమి. రాతి గోడల బంకరు, మధ్యలో కిరోసిన్ పొయ్యి. బయట మైనస్ పద్దెనిమిది. నేను రేడియో ఆపరేటర్ని. చేతి తొడుగు తీసి సెట్ మీట నొక్కితే వేలి చర్మం ఇనుముకు అంటుకునేది.

గాజువాకలో నా భార్య రమణమ్మకు అప్పుడు ఆరో నెల. అంతకుముందు రెండు కాన్పులూ ఐదో నెలలోనే పోయాయి. ఈసారి బీపీ కూడా. మంచం దిగొద్దన్నారు డాక్టరమ్మ. నాకు సెలవు ఫిబ్రవరిలో, నెలలు నిండే వేళకి.

"నువ్వెల్లి నీ పని సూసుకో. నాను ఈ మంచం మీద డూటీ సేత్తాను," అని నవ్వుతూనే పంపింది.

డిసెంబరు మధ్యలో ఒక ఉదయం, తొమ్మిది ఇరవైకి సెట్ పలికింది. కింద బేస్ క్యాంపులో రేడియో చూసేది ఎలమంచిలి వాడు, చుట్టం కాకపోయినా మా వైపువాడని నన్ను బావా అనేవాడు. రూలు ప్రకారం హిందీలోనే మాట్లాడాలి. ఆ రోజు తెలుగులో అందుకున్నాడు.

"బావా, కంగారు పడకు. ఇంటికాడ్నించి ఫోనొచ్చింది. అక్కకి బీపీ పెరిగిపోనాదట. ఆస్పత్రిలో సేర్సినారు. బిడ్డని ఇయ్యాలే తీసెయ్యాలంతన్నారు."

"ఎనిమిది నెలలైనా నిండలేదు కదరా!"

"నాను ఫోను కాడే ఉంతాను. నువ్వు సెట్టొదల్కు."

వదల్లేదు. మా నర్సింగ్ అసిస్టెంట్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "పుట్టగానే ఏడవాలి. ఏడిస్తే ఊపిరితిత్తులు పనిచేస్తున్నట్టే," అన్నాడు. నా కాపలా వంతు మా పోస్టు పెద్ద సుబేదార్ సాబ్ తీసుకున్నారు. గాలికి రెండుసార్లు సిగ్నల్ పోయింది. రెండుసార్లూ బయటికి పరుగెత్తి యాంటెన్నా తాడు బిగించి వచ్చాను.

మధ్యాహ్నం రెండు పదికి సెట్ మళ్లీ పలికింది.

"ఆడపిల్ల బావా! కేజీ మూడొందలు! ఏడిసిందట! వార్డంతా ఇనబడీలాగ ఏడిసిందట! అక్క బాగుంది!"

"ఏడ్చింది!" అని అరిచాను. నర్సింగ్ అసిస్టెంట్ నన్ను అమాంతం ఎత్తేశాడు. నా తల పైకప్పుకి కొట్టుకుంది. వంటవాడు దాచుకున్న జీడిపప్పంతా హల్వాలో పోసేశాడు. సుబేదార్ సాబ్ లోపలికొచ్చి సంగతి విన్నారు. "ఇంకా ఇక్కడేం చేస్తున్నావ్? సామాను కట్టు," అన్నారు.

మంచు మూడు రోజులు దారి మూసేసింది. నాలుగో రోజు ఉదయం ఐదున్నరకి నడుములకు తాళ్లు కట్టుకుని ఆరుగురం దిగాం. ఏడు గంటల నడక. ఆపైన ట్రక్కు. ఆపైన రైలు. సింహాచలం స్టేషన్ దాటగానే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. విశాఖలో బండి పూర్తిగా ఆగకముందే దూకాను.

ఆస్పత్రిలో రమణమ్మ మంచం మీద కూర్చుని ఉంది. కాళ్ల వాపు ఇంకా తగ్గలేదు. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

"అలా గుడ్లప్పగించి సూత్తావేటి? సేతులు కడుక్కుని లోపలికెల్లు. నీ కూతురు ఇయ్యాల నాలుగు సుక్కలు పాలు తాగింది!"

లోపల నర్సు నన్ను చొక్కా విప్పమంది. తల్లి ఒంటి వెచ్చదనంలాగే తండ్రిదీ పనిచేస్తుందట. కుర్చీలో వెనక్కి వాలమని, పాపని నా ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టింది. బరువే తెలియలేదు. నేను కదలకుండా బిగుసుకుపోయాను.

"ఊపిరి పీల్చండి, ఏం కాదు," అని నర్సు నవ్వింది.

నా కూతురిప్పుడు ఉద్యోగం చేస్తోంది. నాకు మాత్రం ఆ పూట కళ్ల ముందు నుంచి పోదు. నెలలు నిండని బిడ్డ వీపు మీద సన్నని నూగు ఉంటుందని అప్పుడే తెలిసింది. నేను ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ నూగు ఒక పక్కకి వాలింది, మళ్లీ లేచింది.