మంటపానికి పోయిన తెల్ల ఎలుక

తెలంగాణ రాకముందు మాట. అప్పుడే ఉప్పల్ నుంచి నాచారానికి మారి, రెండు గదుల పోర్షన్‌లో అద్దెకు దిగాం. పక్క గది ఖాళీ చేసిన కాలేజీ పిల్లలు పోతూ పోతూ ఒక పంజరాన్ని మురికినీళ్ల మోరీ పక్కన పడేసి పోతే, నేనే ఇంట్లోకి తెచ్చుకున్నాను. లోపల రెండు ఎలుకలు. బూడిద రంగుది వట్టి అమాయకురాలు. తెల్లది మాత్రం చెయ్యి పెడితే చాలు, రక్తం వచ్చేలా కరిచేది. కరవదా మరి? ఆ పిల్లలు ఎప్పుడు చూసినా దాన్ని తోక పట్టి ఎత్తి ఆడించేవాళ్లు.

దాన్ని మచ్చిక చేసుకోవడానికి నాకు ఎండాకాలమంతా పట్టింది. వేళ్లకు కూర వాసన ఉంటే తిండి అనుకుని కొరికేది. అందుకని ముందు సబ్బుతో చేతులు కడుక్కునేదాన్ని. పైనుంచి చెయ్యి వస్తే హడలిపోయేది. అందుకని కుట్టుమిషన్ ఆపి, అరచెయ్యి కింద పరిచి కదలకుండా కూర్చునేదాన్ని. కరిచినా అరిచేదాన్ని కాదు. "సూది పోట్లు సాలవా, ఎలుకతోని గూడ కరిపిచ్చుకోవాల్నా?" అని మా ఆయన నవ్వేవాడు. చివరికి ఒకరోజు అది నా అరచేతిలోకి ఎక్కి, సజ్జగింజలు తింటూ అక్కడే కూర్చుండిపోయింది. నాకైతే ఏడుపొచ్చినంత పనైంది.

అంతలో వినాయక చవితి వచ్చింది. గల్లీలో మంటపం పెట్టించే కుర్రాడు మా గుమ్మంలోకి వచ్చాడు.

"వదినా, ఈసారి గణపతికి నిజం వాహనం పెడ్తున్నం. మీ తెల్ల ఎలుకనియ్యుండ్రి, ఒక్కరోజు సాలు."

"అది కొత్తోళ్లను కరుస్తది. కావాల్నంటే బూడిదది తీస్కపో, దానికి కోపమే తెల్వదు."

"బూడిదది ఇంట్ల బియ్యం తినే ఎలుక లెక్కుంది. తెల్లదైతే లైట్లల్ల మెరుస్తది."

"కరుస్తదని చెప్తున్న గదా!"

"దేవుని ముంగట కరుస్తదా వదినా?"

ఆ మాటకు పక్కనే ఉన్న మా ఆయన కూడా తలూపాడు! నేను ససేమిరా అన్నాను. కానీ కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి అంబర్‌పేట్ వెళ్లి తిరిగొచ్చేసరికి పంజరం ఇంట్లో లేదు. బూడిదదాన్ని బకెట్లో వేసి, తెల్లదాన్ని పంజరంతో సహా మా ఆయనే ఇచ్చేశాడు.

మంటపానికి పరిగెత్తాను. చెవులు పగిలే స్పీకర్ల పక్కనే పంజరం. ఎలుక నెత్తిన కుంకుమ, అది జారి కళ్లు ఎర్రగా అయ్యాయి. తోకకు బంతిపూల దండొకటి! వరుసలో వచ్చిన ప్రతివాళ్లూ వేలు దూర్చి, దాన్ని తాకి కళ్లకద్దుకుంటున్నారు. "ముట్టకుండ్రి" అని నేను అరుస్తున్నా వినేదెవరు? ఆ కుర్రాడు ఫోటో కోసం మూత తీసి, లడ్డూ అంటిన చేత్తోనే పైనుంచి దాన్ని పట్టుకున్నాడు. కరిచింది. వాడు చెయ్యి విదిల్చేసరికి అది ఎగిరి బండల మీద పడింది.

"కరిసే ఎలుకను దేవుని దగ్గర పెట్టిచ్చింది సూడు" అన్నారు జనం. ఎవర్ని? నన్ను! వద్దు మొర్రో అని మొత్తుకున్నది నేనే కదా! వాణ్ణి దవాఖానాకు తీసుకుపోయి సూది వేయించారు. గల్లీ గల్లీ అంతా వెళ్లి వాడి వేలు చూసొచ్చింది. ఎలుకను చూసిన దిక్కు లేదు.

ఇంటికి తెచ్చి తడిగుడ్డతో కుంకుమ తుడిచాను. అరచెయ్యి కింద పరిచి కూర్చున్నాను. రాలేదు. కరవనూ లేదు. మూలకు ఒదిగి వణుకుతూ ఉండిపోయింది. కరిచినా బాగుండు అనిపించింది. దసరా లోపే చచ్చిపోయింది.

మరుసటి ఏడు చవితికి ముందు వాడే మళ్లీ వచ్చాడు. "వదినా, ఈసారి సుట్టూ జాలీ కొట్టిస్తం, ఎవ్వలు ముట్టరు. ఎలుకనియ్యుండ్రి."

"సచ్చిపోయింది" అన్నాను.

"అయ్యో, గట్లనా" అన్నాడు. వెంటనే, "మరి ఇంకోటి తేలేదా?"

వాడి మొహం మీదే తలుపు వేసేశాను.